కంటికి ఒకటే, కంప్యూటరుకు రెండు

గ్రీకు భాషలో 'నోమొస్' అనే మాట ఉంది. అయిదు అక్షరాల మాట. మొదటి అచ్చును నొక్కి పలికితే 'చట్టం' అని అర్థం. రెండవ అచ్చును నొక్కి పలికితే 'జిల్లాలాంటి పాలనా ప్రాంతం' అని అర్థం. రాతలో ఈ రెంటినీ వేరుచేసేది ఒక్కటే: ఏ అచ్చు నెత్తిన ఏటవాలు గీత పెట్టామన్నది. ఇంత చిన్న గీత అంత పెద్ద పని చేస్తుంది.

ఈ గీతను కంప్యూటరులో ఎలా దాచాలి? దీనికి యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణం ఒక జవాబు చెప్పింది. ఆ జవాబులో ఒప్పెంతో, తప్పెంతో తూచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. గ్రీకువారి గీతతో మనకేం పని అంటారా? అదే చిక్కు 'ఛత్తీస్‌గఢ్' అనే పేరులో ఉంది. ఆ రాష్ట్రంలో, సుక్మా నుంచి కుంటకు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న దోర్నపాల్ అనే ఊరి పేరులో ఉంది. మీరు 'కైలాసం' అని రాసేటప్పుడు పెట్టే ఐత్వంలో కూడా ఉంది.

గీత పుట్టుక

క్రీస్తుకు పూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతిగా ఉన్న అరిస్టోఫనీస్ అనే పండితుడు గ్రీకు అక్షరాలపై స్వరం గుర్తులను ప్రవేశపెట్టాడని సంప్రదాయంగా చెబుతారు. అప్పటి గ్రీకులో స్వరం హెచ్చుతగ్గులు ఉండేవి. స్వరం పైకి లేస్తే ఒక గుర్తు, దిగితే ఒక గుర్తు, లేచి దిగితే మరొకటి. పైకి లేచే స్వరానికి పెట్టిన ఏటవాలు గీత పేరు 'ఒక్సియా'.

కాలక్రమంలో ఆ స్వరభేదాలు గ్రీకువారి నోటినుంచి జారిపోయాయి. నొక్కి పలకడం ఒక్కటే మిగిలింది. కాని రాతలో గుర్తులన్నీ అలాగే నిలిచిపోయాయి. చెవికి వినిపించని తేడాలను పిల్లలు బట్టీపట్టి రాయవలసి వచ్చేది. చివరికి 1982లో గ్రీసు ప్రభుత్వం బడుల్లోనూ కార్యాలయాల్లోనూ ఈ భారాన్ని తగ్గించింది. నొక్కి పలికే అచ్చుపై ఒకే ఒక గుర్తు చాలునన్నది. ఆ గుర్తు పేరు 'తోనోస్'.

ఇక్కడే అసలు ప్రశ్న. తోనోస్ అంటే పాత ఒక్సియాయేనా, లేక కొత్త గుర్తా? చేత్తో రాసేవారికి ఈ సందేహమే రాదు. పాతకాలం వారు పెట్టిన గీతనే వారూ పెడతారు. కాని అచ్చు అక్షరాలు తయారుచేసేవారిలో కొందరు తోనోస్‌ను నిట్టనిలువు గీతగా చెక్కారు. దాంతో ఒకే గుర్తుకు రెండు రూపాలు, రెండు పేర్లు ఏర్పడ్డాయి.

ఒక అక్షరం, మూడు మార్గాలు

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరానికీ ఒక సంకేత సంఖ్య ఇవ్వడమే యూనికోడ్ చేసే పని. దీని మొదటి కూర్పు 1991లో వచ్చింది. మన 'క'కు సంఖ్య 3093. (నిపుణులు ఈ సంఖ్యలను పదహారు ఆధారంగా రాస్తారు. మనం అలవాటైన పదుల లెక్కలోనే చెప్పుకుందాం.)

గ్రీకు 'ఆల్ఫా' సంఖ్య 945. గీత ఉన్న ఆల్ఫాను రాయడానికి మూడు మార్గాలున్నాయి. తోనోస్‌తో కూడిన ఆల్ఫా: 940. ఒక్సియాతో కూడిన ఆల్ఫా: 8049. ఇవి కాక, 945 రాసి దాని వెంట 769 రాయవచ్చు. 769 అంటే ముందున్న అక్షరం నెత్తికెక్కి కూర్చునే గీత. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే మొదటిదానికి 2 బైట్లు, రెండవదానికి 3 బైట్లు, మూడవదానికి 4 బైట్లు పడతాయి. తెరమీద మాత్రం మూడూ ఒకే అక్షరం!

ఇన్ని ఎందుకు పెట్టారు? యూనికోడ్ పక్షాన ఒక న్యాయమైన సమాధానం ఉంది. అప్పటికే 1987 నాటి ఐ.ఎస్.ఓ. గ్రీకు ప్రమాణంలో తోనోస్ అక్షరాలు ఉన్నాయి. పాత ప్రమాణంలోని పాఠం కొత్తదానిలోకి వచ్చి, మళ్లీ నష్టం లేకుండా వెనక్కి వెళ్లగలగాలి. కాబట్టి వాటిని ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నారు. ప్రాచీన గ్రంథాలు అచ్చు వేసేవారి కోసం పాత గుర్తులన్నింటితో మరో వరుసను 1993లో చేర్చారు. ఒక్సియా ఆ వరుసలో వచ్చింది.

తరవాత ఈ రెండూ ఒకటేనని నియమం పెట్టారు. 8049 ఎక్కడ కనిపించినా అది 940తో సమానం. ఇలా సమానమైన రూపాలన్నింటినీ ఒక్క రూపానికి తీసుకురావడాన్ని నార్మలైజేషన్ అంటారు. మనం 'ఏకరూపీకరణ' అందాం. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి వీలైనంతవరకు కలిపి ఉంచేది, రెండవది విడదీసి ఉంచేది.

ఈ తీర్పు సరైనదే. చదివేవాడికి ఒకే గుర్తు అయినదాన్ని యంత్రం కూడా ఒకటిగానే చూడాలి. తప్పు ఎక్కడుందంటే, తీర్పు ఆలస్యంగా రావడంలో ఉంది. ముందు రెండు గదులు కట్టి, రెంటిలోనూ మనుషులు చేరాక, ఇవి ఒకటే గది అంటే ఎలా? ఏకరూపీకరణ జరిగిన ప్రాచీన గ్రీకు కావ్యంలో ఒక్సియాలన్నీ తోనోస్‌లుగా మారతాయి. వాడిన ఫాంటులో తోనోస్ నిలువుగా ఉంటే, దాని పక్కన పాత వరుసలోని ఇతర గుర్తులు ఏటవాలుగా ఉంటాయి. పుటంతా అతుకుల బొంతలా కనిపిస్తుంది.

ఈ తేడా కంప్యూటరులోని ఫైళ్ల పేర్ల దాకా వెళ్లింది. 1998లో వచ్చిన మాకింటోష్ ఫైళ్ల వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో దాచేది. విండోస్ మాత్రం ఏ రూపంలో ఇస్తే ఆ రూపంలోనే ఉంచుతుంది. అందువల్ల ఒకే సంచికలో, కంటికి ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఇరుగుపొరుగుగా ఉండగలవు.

ఛత్తీస్‌గఢ్ కింది చుక్క

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పేరును హిందీలో రాసేటప్పుడు చివరి 'ఢ' కింద ఒక చుక్క పెడతారు. ఆ చుక్కను నుక్తా అంటారు. చుక్కతో కూడిన ఆ అక్షరానికి 2397 అనే సొంత సంఖ్య ఉంది. కాదంటే 'ఢ' 2338, నుక్తా 2364 అని రెండు సంఖ్యలుగానూ రాయవచ్చు. మొదటి పద్ధతిలో రాష్ట్రం పేరుకు 8 సంఖ్యలు, రెండవ పద్ధతిలో 9 సంఖ్యలు. గ్రీకు గీతకు పట్టిన గతే ఇక్కడ నాగరి చుక్కకూ పట్టింది.

విచిత్రం ఇంకా ఉంది. ఏకరూపీకరణలో మొదటి దారి 'కలిపి ఉంచేది' అని చెప్పుకున్నాం కదా? గ్రీకులో అది గీతను అక్షరంతో కలిపి 940 చేస్తుంది. కాని హిందీ 'ఢ' దగ్గరికి వచ్చేసరికి కలపదు సరికదా, కలిసి ఉన్న 2397ను కూడా విడదీస్తుంది! అదే చుక్క నాగరి 'న', 'ర', 'ళ'ల కింద ఉంటే మాత్రం కలుపుతుంది. మన తెలుగు ఐత్వం సంగతి చూడండి. దాని సంఖ్య 3144. ఎత్వం 3142, కింద వేలాడే భాగం 3158 అని రెండుగానూ రాయవచ్చు. అలా రాసినదాన్ని మొదటి దారి ఒకటిగా కలిపేస్తుంది.

కొన్ని అక్షరాలకు విడదీసిన రూపమే వాడుకలో బాగా ఉన్నదని, అందుకే వాటిని మినహాయించామని యూనికోడ్ వివరణ. ఆ వివరణ కాదనలేనిదే. కాని ఫలితం ఏమైంది? తర్కంతో ఊహించలేని పట్టికను ప్రోగ్రాములు రాసేవారు దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. వినిపించని స్వరాలను గ్రీకు పిల్లలు బట్టీపట్టినట్టే ఇదీను! పైగా ఒకసారి ఖరారైన ఏకరూపీకరణను ఇక మార్చబోమని యూనికోడ్ మాట ఇచ్చింది. మారిస్తే ఇప్పటికే దాచిన కోట్లాది పత్రాలు తప్పుతాయి. కనుక ఆ మాట ఇవ్వక తప్పదు, పాత పొరపాట్లను మోయకా తప్పదు.

768 కలిపితే దోర్నపాల్ వస్తుందా?

మన దేశపు లిపులకు యూనికోడ్ ఇచ్చిన అమరికలో ఒక అందమైన గుణం ఉంది. 1988 నాటి 'ఇస్కీ' అనే భారతీయ సంకేత పద్ధతిని ఆధారంగా తీసుకుని ఒక్కొక్క లిపికి 128 గదులు కేటాయించారు. ఒకే ధ్వనికి అన్ని లిపుల్లోనూ ఒకే వరుసలో గది దొరికింది. నాగరి వరుస 2304 దగ్గర, తెలుగు వరుస 3072 దగ్గర మొదలవుతాయి. తేడా 768. నాగరి 'క' 2325. దానికి 768 కలిపితే 3093, అంటే తెలుగు 'క'.

దోర్నపాల్ పేరును హిందీలో రాసే అక్షరాలకు ఇలా 768 చొప్పున కలిపి చూద్దాం. వచ్చేది 'దోరనాపాల'. మనం రాసేది మాత్రం 'దోర్నపాల్'. ఎందుకిలా జరిగింది? హిందీవారు 'ర' అని రాసి 'ర్' అని చదువుతారు. పదం చివరి 'ల' కూడా అంతే. మనం పలికినదాన్ని పొల్లుతో సహా రాస్తాం.

ఈ తేడా ఇంతవరకు చెప్పుకున్న తేడాల వంటిది కాదు. గ్రీకు గీత, నాగరి చుక్క, తెలుగు ఐత్వం: ఈ మూడింటిలో ఉన్నది ఒకే రాత, సంఖ్యలే వేరు. దోరనాపాల, దోర్నపాల్ అన్నవి రెండు వేరు వేరు రాతలు. వీటిని ఒకటి చేసే నియమం ఏకరూపీకరణలో లేదు, ఉండకూడదు కూడా. ఉంటే 'కల', 'కల్' కూడా ఒకటైపోతాయి. మూడో రకం తేడా కూడా ఒకటుంది. తెలుగు అంకె సున్న, పూర్ణానుస్వారం చాలా ఫాంటులలో ఒకేలా కనిపిస్తాయి. మొదటిదాని సంఖ్య 3174, రెండవదాని సంఖ్య 3074. ఇవి కంటికి ఒకటైనా నిజంగానే వేరు అక్షరాలు. ఒకదానికి బదులు మరొకటి కొడితే అది కొట్టినవారి తప్పే, ప్రమాణం తప్పు కాదు. విమర్శించేటప్పుడు ఈ మూడింటినీ కలగాపులగం చేయరాదు.

కనిపించని గుర్తు

తెలుగువారికి అసలైన తలనొప్పి మరొకటి. 'దోర్నపాల్‌లో' అని రాయాలనుకోండి. పొల్లు 'ల్' తరవాత 'లో' వస్తే కంప్యూటరు రెంటినీ కలిపి 'దోర్నపాల్లో' అని ఒత్తు వేస్తుంది. అలా కలవకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య 8204. మనం దాన్ని 'విడదీత గుర్తు' అందాం. 'ఛత్తీస్‌గఢ్'లో 'స్' కింద 'గ' ఒత్తు పడకుండా ఆపేది ఇదే.

ఇక్కడ దాని అవసరం ఉంది. కాని చాలా తెలుగు పాఠాల్లో పదం చివరి పొల్లు తరవాత కూడా ఈ గుర్తు ఉంటుంది. అక్కడ అది చేసే పని ఏమీ లేదు. 'దోర్నపాల్' అన్న పేరుకు 9 సంఖ్యలు చాలు. చివర విడదీత గుర్తు చేరితే 10. భూతద్దం పెట్టి చూసినా తేడా కనిపించదు. సంఖ్యలను ఒకటొకటిగా పోల్చి చూసే ప్రోగ్రాము మాత్రం ఇవి రెండు వేర్వేరు ఊళ్లని తేల్చి చెబుతుంది.

మరి ఏకరూపీకరణ దీన్ని తొలగించదా? తొలగించదు. గ్రీకు గీతను సరిదిద్దిన ఆ మందు ఇక్కడ పనిచేయదు. ఈ విషయంలో యూనికోడ్‌ను తప్పుపట్టలేం. పారసీ భాషలో ఈ గుర్తు సరైన రాతలో భాగం. తెలుగులోనూ 'దోర్నపాల్‌లో' నుంచి దాన్ని తీసేస్తే మాట రూపమే మారిపోతుంది. కాబట్టి పాఠంలోనుంచి చెరిపేయకూడదు. పోల్చేటప్పుడు మాత్రం పట్టించుకోకూడదు. యూనికోడ్‌వారు అక్షరక్రమం కోసం ఇచ్చిన నియమావళి సరిగ్గా అలాగే, ఈ గుర్తును లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తుంది. ఆ నియమావళిని వాడకుండా, సంఖ్యలను నేరుగా పోల్చి చేతులు దులుపుకునే ప్రోగ్రాములదే తప్పు.

ఈ గుర్తును తేలికగా తీసుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. తెలుగు 'జ్ఞ'కు దీర్ఘం చేర్చే చోట, మధ్యలో విడదీత గుర్తు ఉన్న ఒక అక్షర సముదాయం ఐఫోన్లలో అప్లికేషన్లను కుప్పకూల్చింది. ఆ సముదాయం సందేశంగా వస్తే చాలు, దాన్ని చూపించబోయిన అప్లికేషన్ మూతపడేది. ఫిబ్రవరి 19న కంపెనీ సవరించిన కూర్పును విడుదల చేసింది. పత్రికలు దాన్ని 'తెలుగు అక్షరం చేసిన గొడవ' అన్నట్టుగా రాశాయి. తెలుగు అక్షరం చేసిందేమీ లేదు. దాన్ని గీయవలసిన ప్రోగ్రాము సరిగా లేదు.

నష్టం ఎవరికి?

ఏథెన్సులోని పండితుడికి గ్రీకు కావ్యంలో గీత నిలువుగా కనిపిస్తే కంటికి కష్టం. అంతవరకే. దోర్నపాల్ వంటి చోట నష్టం వేరు.

అది మూడు రాష్ట్రాల సరిహద్దులకు దగ్గరి ప్రాంతం. బడిలో హిందీ. చుట్టుపక్కల ఇళ్లలో కోయ, దోర్లీ, గోండీ, హల్బీ. దక్షిణాన కుంట దాటితే తెలుగు. 2005 తరవాత సల్వాజుడుం ఘర్షణల కాలంలో ఈ అడవి పల్లెల నుంచి వేలాదిమంది గోదావరి లోయలోని తెలుగు జిల్లాలకు వలస వచ్చారు. అటువంటి కుటుంబంలోని పిల్లవాడి ఊరి పేరు ఒక కాగితంలో నాగరిలో, మరొక కాగితంలో తెలుగులో ఉంటుంది. లిపులు రెండు, రాతలు రెండు. ఆపైన ఒకే లిపిలో కూడా కనిపించని తేడాలు. 'పేరు దొరకలేదు' అని తెర చెబితే ఎదుట నిలబడ్డ మనిషి ఏం వాదించగలడు? కాగితం మీద పేరు ఉంది, తెర మీదా అదే పేరు ఉంది. ఎక్కడ తేడా ఉందో చూపించమంటే చూపించలేడు. అది కనిపించేది కాదు కదా!

వాళ్ల సొంత లిపుల మాట కూడా చూడాలి. మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో రూపొందించిన గోండీ లిపికి 2017లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండీ లిపికి 2018లో దొరికింది. ఇది మెచ్చుకోవలసిన పని. అయితే వీటి సంఖ్యలు 72,960 నుంచి మొదలవుతాయి. సంకేత సంఖ్య 65,535 దాటదన్న భ్రమతో రాసిన పాత ప్రోగ్రాములు వీటి దగ్గర తడబడతాయి. అంటే చోటు ఇవ్వడం ఒక ఎత్తు, ఆ చోటును ప్రోగ్రాములు గుర్తించడం మరొక ఎత్తు.

తీర్పు

యూనికోడ్ రాకముందు తెలుగు ఎలా ఉండేదో మరచిపోరాదు. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పాఠమంతా పిచ్చిగీతలు. దానితో పోలిస్తే ఇప్పటి చిక్కులు చిన్నవి. కనుక ప్రమాణాన్నే పారేయాలనడం అవివేకం.

నా అభిప్రాయంలో యూనికోడ్ ఒకటి కావలసినదాన్ని రెండు చేసింది, ఆ తరవాత రెంటినీ సమానమని సరిగ్గానే ప్రకటించింది. ఆ సమానత్వాన్ని పాటించడం మాత్రం ప్రోగ్రాములు రాసేవారి మర్యాదకు వదిలేసింది. ఇంగ్లీషు మాత్రమే రాసుకునేవారికి ఏకరూపీకరణ అవసరం చాలా అరుదు. అందుకే చాలామంది దాన్ని మరచిపోతారు. ఆ మరపు ఖరీదు గ్రీకు, హిందీ, తెలుగు, గోండీ రాసేవారు చెల్లిస్తున్నారు.

చేయవలసింది కష్టమైనది కాదు. ప్రజల పేర్లు, ఊళ్ల పేర్లు దాచే ఏ వ్యవస్థలోనైనా రాసినవారు రాసిన రూపాన్ని అలాగే ఉంచాలి. దాని పక్కన, వెతకడానికి మాత్రమే, ఏకరూపీకరణ చేసి విడదీత గుర్తును తీసేసిన మరో ప్రతిని ఉంచాలి. నాగరి, తెలుగు రాతల మధ్య తేడాలకు సంఖ్యల సూత్రం చాలదు. అక్కడ ఊరి పేరుకు వాడుకలో ఉన్న రూపాలన్నింటినీ మనుషులే పట్టికగా రాసిపెట్టాలి.

ఇదంతా మీరే పరీక్షించి చూడవచ్చు. మీ బడిలోనో కాలేజీలోనో పైథాన్ భాష ఉన్న కంప్యూటరు ఉంటే, మీ ఊరి పేరును తెలుగులో కొట్టి, 'లెన్' అనే ఆజ్ఞతో ఎన్ని సంఖ్యలున్నాయో లెక్కించండి. అదే పేరును ఒక వార్త నుంచి తెచ్చి అతికించి మళ్లీ లెక్కించండి. రెండు లెక్కలూ సరిపోతే సంతోషం. సరిపోకపోతే ఒక్కొక్క అక్షరం సంఖ్యనూ 'ఆర్డ్' అనే ఆజ్ఞతో అడగండి. 8204 కనిపిస్తే దొంగ దొరికినట్టే. 3142 వెంట 3158 కనిపిస్తే ఎవరో ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాశారన్నమాట. రేపు మీలో ఎవరైనా పేర్లు వెతికే ప్రోగ్రాము రాసే రోజు వస్తే, రెండు పేర్లను పోల్చే ముందు ఈ రెండు సంగతులూ చూసుకోండి.